బిల్లు పడని జబ్బు

(చీపురుపల్లిలో ఒక లెక్కల మాస్టారి సంస్మరణ సభలో చేసిన ఉపన్యాసానికి అచ్చు పాఠం. కుటుంబం కోరిక మేరకు మాస్టారి పేరు ప్రచురించడం లేదు.)



మాస్టారి గుణగణాలు నా ముందు మాట్లాడిన పెద్దలు చెప్పారు. నన్ను పిలిచినవాళ్ళు పెట్టిన షరతు వేరు. ఉపన్యాసంలో లెక్క ఉండాలి, ఆ లెక్క వెనక వరసలో కూర్చున్నవాళ్ళకు కూడా అందాలి అన్నారు. అందుకని ఈ ప్రాంతానికి దగ్గరి ప్రశ్న ఒకటి తీసుకున్నాను. ఆరోగ్య బీమా రికార్డులు చూసి, ఒక జిల్లాలో ఎంతమంది పెద్దవాళ్ళకు డిమెన్షియా, అంటే ముసలితనంలో మతి చెడే జబ్బు, ఉందో, అది ఏటేటా పెరుగుతోందో తగ్గుతోందో చెప్పగలమా?

ముందు మన వాళ్ళ లెక్క ఒకటి చెబుతాను. కల్యంపూడి రాధాకృష్ణారావు గారు, ప్రపంచానికి సి.ఆర్.రావు, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి 1941లో కలకత్తా వెళ్ళి భారత గణాంక సంస్థలో చేరారు. 2023 ఆగస్టులో, 103వ ఏట పోయారు. ఆయన ఏ ఊరు ఉపన్యాసానికి వెళ్ళినా క్లాసులోని మగపిల్లల్ని ఒక మాట అడిగేవారు: నీతో కలిపి మీ ఇంట్లో అన్నదమ్ములెందరు, అక్కచెల్లెళ్ళెందరు? అందరి జవాబులూ కూడితే ఎక్కడైనా మగపిల్లలే ఎక్కువ తేలేవారు. ఇది చూసి మన దేశంలో మగపిల్లలు అంత ఎక్కువగా పుడతారని రాసేస్తే పొరపాటు. ఎందుకంటే ఆడపిల్లలు మాత్రమే ఉన్న ఇల్లు ఆ క్లాసులోకి అసలు రాలేదు. ముగ్గురు కొడుకులున్న ఇంటికి క్లాసులో కనబడే అవకాశం ఒక్క కొడుకున్న ఇంటికంటే మూడు రెట్లు. రావు గారు దానికి చిన్న మందు కూడా చెప్పారు. క్లాసులో ఎంతమంది ఉంటే అంతమందిని మగపిల్లల లెక్కలోంచి తీసేయండి, మిగిలినవి ఇంచుమించు సరిసమానంగా వస్తాయి. లెక్కలోకి మనిషి ఏ దారిన వచ్చాడన్నది లెక్కనే మార్చేస్తుందని ఇంగ్లండులో ఫిషర్ 1934లో చూపించాడు. దాన్ని 1965లో రావు గారు ఒక పూర్తి సిద్ధాంతంగా మలిచారు.

బీమా రికార్డు కూడా అలాంటి క్లాసుగదే. దాని ద్వారం ఎటువైపు ఉందో చూద్దాం.

2007 ఏప్రిల్ 1న అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ మొదలైంది మూడే జిల్లాల్లో: అనంతపురం, మహబూబ్‌నగర్, మన పక్కనున్న శ్రీకాకుళం. తరవాతి ఏడాదికి రాష్ట్రమంతటికీ వచ్చింది. పేరు ప్రభుత్వాలతో పాటు మారుతూ ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ దగ్గర ఉంది. పనితీరు మాత్రం మొదటినుంచీ ఒకటే. కార్డు పట్టుకుని రోగి ఆసుపత్రికి వెళతాడు, అక్కడ ఆరోగ్యమిత్ర నమోదు చేస్తాడు, ఏ చికిత్స చేస్తారో దాని ప్యాకేజీకి ముందస్తు అనుమతి అడుగుతారు, చికిత్స అయ్యాక ఆసుపత్రి క్లెయిమ్ పెడుతుంది. డబ్బు విడుదల కావడానికి ఏ కాగితాలు కావాలో ఆ కాగితాలన్నీ పక్కాగా ఉంటాయి. మిగిలినవి ఉండవు. ఈ పథకాన్ని తిట్టడానికి ఈ మాట అనడం లేదు. గుండె ఆపరేషనుకు పొలం అమ్ముకునే కాలం చూసినవాణ్ణి. కాని ఆ రికార్డు రాసింది ఖజానా కోసం. దాన్ని జబ్బుల పటంగా చదవబోయేవాడు ఈ సంగతి మరవకూడదు.

రెండు ఉదాహరణలు చెబుతాను, రెండూ మనకు తెలిసినవే. మొదటిది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కిడ్నీ జబ్బు. దానికి డయాలిసిస్ ఉంది, అది ప్యాకేజీలో ఉంది, వారానికి రెండు మూడుసార్లు చేయించుకోక తప్పదు. కాబట్టి ఆ రోగి రికార్డులో ఒకసారి కాదు, నెలకు పది సార్లు కనబడతాడు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచేదాకా విషయం వెళ్ళిందంటే, దాని వెనక డాక్టర్ల, జనం గొంతుతో పాటు ఆ అంకెల బలం కూడా ఉంది. రెండోది గర్భసంచి ఆపరేషన్లు. ఆరోగ్యశ్రీ వచ్చిన తొలి ఏళ్ళలో చిన్న వయసు ఆడవాళ్ళకు కూడా గర్భసంచులు తీసేస్తున్నారని గోల పుట్టి, చివరికి ఆ ఆపరేషన్‌ను ప్రభుత్వాసుపత్రులకు పరిమితం చేయాల్సి వచ్చింది. ఆ ఏళ్ళ క్లెయిములు మాత్రమే చదివే పరిశోధకుడికి తెలుగు ఆడవాళ్ళకు హఠాత్తుగా గర్భసంచి జబ్బుల మహమ్మారి వచ్చి, ఒక ప్రభుత్వ ఉత్తర్వుతో తగ్గిపోయినట్టు కనబడుతుంది.

ఇక డిమెన్షియా సంగతి. దానికి ఆపరేషన్ లేదు. పడుకోబెట్టి చేసే వైద్యం తక్కువ. ఉన్న మాత్రలు బయటి రోగిగా చూపించుకుని, మందుల షాపులో కొనుక్కునేవి. ఆసుపత్రిలో చేరితేనే తెరుచుకునే రికార్డులో ఈ జబ్బు ఎలా పడుతుంది? పడితే వేరే పేరుతో పడుతుంది. మాస్టారి విషయమే చూడండి, వాళ్ళబ్బాయి అనుమతితోనే చెబుతున్నాను. చివరి కొన్నేళ్ళు ఆయనకు మనవళ్ళ పేర్లు తెలియలేదు, కాని పంతొమ్మిదో ఎక్కం తప్పు లేకుండా చెప్పేవారు. ఒక రాత్రి లేచి, స్కూలుకు టైమైందని గడప దాటబోయి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆ ఆపరేషన్ పథకం కిందే చక్కగా జరిగింది. డిశ్చార్జి కాగితంలో ఎముక ఉంది, వేసిన రాడ్డు ఉంది, షుగరు, బీపీ ఉన్నాయి. ఆయన్ని ఆ గడప దాకా నడిపించిన జబ్బు పేరు లేదు. అందులో డాక్టరు తప్పేమీ లేదు. ఎముకల డాక్టరును ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు, ఆ పేరు రాస్తే ప్యాకేజీ మారేదీ కాదు.

ఊళ్ళో అయితే దీన్ని డాక్టరు దాకా తీసుకెళ్ళే ఆలోచనే తక్కువ. "మా మావ అన్నం తిన్న గంటకే అన్నం ఎట్టలేదంతాడండీ, ఏటి సేత్తాం, పెద్దోడు గదా" అంటుంది కోడలు. విసుగూ ఉంటుంది, దయా ఉంటుంది, ఇది జబ్బన్న మాట మాత్రం రాదు. కొడుకు విశాఖలోనో హైదరాబాదులోనో పనిలో ఉంటే, ముసలాయన్ని రైలెక్కించి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళే మనిషే ఉండడు. అంటే రికార్డులో ఆ పేరు పడాలంటే జబ్బు ఒక్కటి చాలదు. తీసుకెళ్ళే మనిషి, దారి ఖర్చు, ఇంకో జబ్బు వంక, ఇవన్నీ ఉండాలి. రావు గారి క్లాసులో ముగ్గురు కొడుకుల ఇల్లు లాగా, ఆసుపత్రికి ఎక్కువసార్లు వెళ్ళేవాడికే డిమెన్షియా బయటపడే అవకాశం ఎక్కువ. చీపురుపల్లి స్టేషను పక్క ఇంటికీ, మెరకముడిదాం మండలం లోపలి ఊరికీ మధ్య కనబడే తేడాలో ఎంత జబ్బు తేడా, ఎంత దారి తేడా అన్నది క్లెయిములు చూసి ఎవరూ చెప్పలేరు.

పోలికకు అమెరికా చూద్దాం. అక్కడ అరవై అయిదు దాటినవాళ్ళ ప్రభుత్వ బీమా పేరు మెడికేర్. అందులో బయటి రోగి చూపించుకున్నదీ, చేరినదీ రెండూ నమోదవుతాయి. కొన్నేళ్ళ రికార్డులు వెనక్కి తిరగేసి, డిమెన్షియా సంకేతాలు ఎక్కడైనా పడ్డాయేమో చూడటం అక్కడి పద్ధతి. అది ఎంత నిజమో తేల్చడానికి, ఇంటికి వెళ్ళి పరీక్షించిన కొన్ని వందల మంది పెద్దవాళ్ళ ఫలితాలను వాళ్ళ బీమా రికార్డులతో పక్కపక్కన పెట్టారు. 2009లో వచ్చిన ఫలితం ప్రకారం, జబ్బు నిజంగా ఉన్నవాళ్ళలో సుమారు నూటికి 85 మందిని రికార్డు పట్టుకుంది, లేనివాళ్ళలో 89 మందిని లేనివాళ్ళుగానే చూపింది. వినడానికి మంచి మార్కులే. కాని మాస్టారు అయితే వెంటనే బోర్డు మీదికి రమ్మనేవారు. వద్దాం.

మన దేశంలో అరవై దాటినవాళ్ళలో డిమెన్షియా నూటికి 7.4 అని ఒక పెద్ద సర్వే అంచనా, దాని సంగతి తరవాత చెబుతాను. అరవై దాటినవాళ్ళు వెయ్యిమంది ఉన్న ఊళ్ళో జబ్బున్నవాళ్ళు 74, లేనివాళ్ళు 926. అమెరికా మార్కులే ఇక్కడా వస్తాయనుకుందాం. 74లో 63 మంది దొరుకుతారు. 926లో నూటికి పదకొండు చొప్పున, అంటే 102 మంది, జబ్బు లేకుండానే జాబితాలో పడతారు. మొత్తం జాబితా 165. అందులో నిజమైనవాళ్ళు 63. అంత మంచి జాబితాలో కూడా అయిదుగురిలో ముగ్గురు తప్పుడు పేర్లే. జబ్బు తక్కువగా ఉన్నచోట చిన్న తప్పు శాతమే పెద్ద జనం మీద పడి అసలును ముంచేస్తుంది. మన రికార్డు తప్పు ఇందుకు తలకిందులు. ఇక్కడ తప్పుడు పేర్లు పెద్దగా ఉండవు, అసలు పేర్లే ఉండవు. అందుకే అక్కడి సవరణ సూత్రాన్ని తెచ్చి ఇక్కడ అతికించడం కుదరదు.

డబ్బు కదిలితే అంకె కదులుతుంది, ఇది అన్ని దేశాల్లోనూ ఉన్నదే. ఇంగ్లండులో 2014 అక్టోబరులో ప్రభుత్వ వైద్య సేవవాళ్ళు, కుటుంబ వైద్యుడు కొత్తగా గుర్తించే ఒక్కో డిమెన్షియా రోగికి 55 పౌండ్లు ఇస్తామన్నారు. రోగి తలకు ఖరీదు కడతారా అని పెద్ద రగడ జరిగి, ఆరు నెలల్లో అది ముగిసింది. అమెరికాలో ప్రైవేటు కంపెనీల ద్వారా నడిచే మెడికేర్‌లో, రోగి జబ్బులను బట్టి కంపెనీకి ఎక్కువ డబ్బిచ్చే సూత్రం నుంచి డిమెన్షియాను 2014లో తీసేశారు, 2020లో మళ్ళీ చేర్చారు. ఆ రెండు ఏళ్ళ దగ్గర గీత వంగితే, వంచింది ముసలివాళ్ళ మెదళ్ళా, బిల్లింగ్ గుమాస్తాలా? మన దగ్గర రేపు డిమెన్షియాకు ఒక ప్యాకేజీ ప్రకటిస్తే ఆ ఏడాది రోగుల సంఖ్య ఆకాశాన్నంటుంది. పత్రికలు దాన్ని 'విజృంభణ' అని రాస్తాయి. ఇప్పుడే చెబుతున్నాను, నమ్మకండి.

డబ్బుతో సంబంధం లేకుండా ఇలాంటి వంపు మన విజయనగరం జిల్లాకు ఇప్పటికే ఒకటుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మార్చినప్పుడు రాజాం, వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి శ్రీకాకుళం నుంచి విజయనగరానికి వచ్చాయి, పార్వతీపురం వైపు మండలాలు కొత్త జిల్లాకు పోయాయి. జిల్లా పేరుతో గీసిన ఏ జబ్బు గీతైనా ఆ తేదీ దగ్గర ఒక మెట్టు ఎక్కుతుంది లేదా దిగుతుంది. మండలం వారీగా లెక్క కట్టనివాడికి ఆ మెట్టు కూడా ఒక పరిశోధన పత్రమైపోతుంది.

ఇక ఆ 7.4 సంగతి. ఇంటింటికీ వెళ్ళి పరీక్షించినా అంకె ఒకటే రాదన్నది ఈ విషయంలో అన్నిటికంటే రుచికరమైన భాగం. హర్యానాలో బల్లభ్‌గఢ్ పల్లెల్లో అరవై అయిదు దాటినవాళ్ళలో నూటికి ఒకటిన్నర కూడా లేదని 1998లో తేలింది. ప్రపంచంలోనే అతి తక్కువ అంకెల్లో అదొకటి. మన పల్లెల గాలి, మన పప్పు, మన పసుపు అని చాలామంది మురిసిపోయారు. 2008లో '10/66' అనే అంతర్జాతీయ పరిశోధక బృందం ఇదే జబ్బును రెండు కొలతలతో కొలిచి చూసింది. డిమెన్షియా ఉన్నవాళ్ళలో 66 శాతం పేద దేశాల్లో ఉంటే, పరిశోధనలో పది శాతం కూడా వాళ్ళమీద జరగడం లేదన్న సంగతే ఆ పేరు. అమెరికా మానసిక వైద్యుల నిర్వచనం పెట్టి కొలిస్తే భారత గ్రామీణ ప్రాంతంలో నూటికి 0.3 వచ్చింది. చదువు, సంస్కృతి తేడాలు పట్టించుకునే తమ సొంత కొలతతో చూస్తే, వాళ్ళు వెళ్ళిన దేశాలన్నిటిలోనూ 5.6కూ 11.7కూ మధ్య వచ్చింది. తేడా కొలతబద్దలోనే ఉంది. మొదటి నిర్వచనం ప్రకారం జబ్బు మనిషి రోజువారీ పనుల్ని దెబ్బతీసిందని ఇంట్లోవాళ్ళు చెప్పాలి. మన పల్లెలో పెద్దాయన పనులు ఎప్పుడో కొడుకులు అందుకున్నారు. బ్యాంకుకు వెళ్ళడు, వంట చెయ్యడు, అరుగు మీద కూర్చుంటాడు. దెబ్బతినడానికి పనే లేనప్పుడు ఏం దెబ్బతిందని చెబుతారు?

ఇవన్నీ దృష్టిలో పెట్టుకుని, మన దేశపు వృద్ధుల దీర్ఘకాలిక సర్వేకు అనుబంధంగా 4,096 మందిని లోతుగా పరీక్షించారు. 7.4 శాతం, అంటే దేశం మొత్తమ్మీద సుమారు 88 లక్షల మంది అన్న అంచనా అందులోంచి వచ్చింది. మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో, పట్నాలకంటే పల్లెల్లో ఎక్కువ. బీమా రికార్డుకు అతి తక్కువ చేరువైన మనిషి ఎవరో గుర్తు చేసుకోండి. పల్లెలో ఉన్న ముసలమ్మే. జబ్బు ఎక్కడ చిక్కగా ఉందో రికార్డు అక్కడే పలచన.

చిన్న పక్కదారి. హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి, సహచరులు 648 మంది డిమెన్షియా రోగుల కేసు పత్రాలు తిరగేసి 2013లో ఒక సంగతి చెప్పారు. ఒకే భాష తెలిసినవాళ్ళకంటే రెండు, మూడు భాషలు మాట్లాడేవాళ్ళకు జబ్బు లక్షణాలు సుమారు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలయ్యాయి. చదువు రానివాళ్ళలో కూడా. ఆసుపత్రి రికార్డు అంటే నాకు చిన్నచూపని ఎవరైనా అనుకుంటే దీన్ని చూడండి. అక్కడ డాక్టర్లు ఆ జబ్బును వెతుకుతూ, ఆ ప్రశ్నలు అడుగుతూ రాసిన కాగితాలవి. క్లెయిము ఫారం అలాంటిది కాదు.

మరి చీపురుపల్లిలో ఏం చెయ్యొచ్చు? కొత్త పథకం పెట్టమని అడగను. ఉన్న కాగితాల్లోనే ఒక కాగితం ఉంది, దాని విలువ ఎవరికీ పట్టలేదు. బీపీ, షుగరు, క్యాన్సర్ల కోసం ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తీసుకెళ్ళే ఫారంలో, అరవై దాటినవాళ్ళకని విడిగా నాలుగు ప్రశ్నలున్నాయి. నాలుగోది: దగ్గరివాళ్ళ పేర్లు గాని, మీ సొంత ఇంటి చిరునామా గాని మరిచిపోతున్నారా? ఢిల్లీలో ఎవరో ఆలోచించి పెట్టిన ప్రశ్న అది. బీమా రికార్డుకు అందని గడప దగ్గరే అడుగుతున్న ప్రశ్న. కాని దాన్ని ముసలాయన్నే అడిగితే "నాకేటీ, బానే ఉన్నాను" అంటాడు. మరుస్తున్నానన్న సంగతి కూడా మరిచిపోవడం ఈ జబ్బులో భాగమే. కోడల్ని విడిగా అడగాలి. చిరునామా అంటే మన ఊళ్ళలో ఎవడికి తెలుసు? రామకోవెల దగ్గర వదిలేస్తే ఇంటికి వస్తాడా అని అడగాలి. ఈ రెండు మార్పులూ ఒక పూట శిక్షణతో అయ్యే పనులు.

అప్పుడు మన చేతిలో రెండు జాబితాలుంటాయి, ఆశా జాబితా, ఆసుపత్రి జాబితా. రెండు లోపాల జాబితాల నుంచి నిజమైన అంకెను ఊహించే పద్ధతి కూడా మనవాడిదే. చంద్రశేఖరన్ అనే జనాభా శాస్త్రవేత్త, డెమింగ్ అనే అమెరికన్ కలిసి, కలకత్తా దగ్గర సింగూరులో జనన మరణాల నమోదు కోసం 1949లో దీన్ని ప్రచురించారు. ఆశా జాబితాలో 60 మంది, ఆసుపత్రి జాబితాలో 20 మంది, రెండింటిలోనూ ఉన్నవాళ్ళు 12 మంది అనుకోండి. ఆసుపత్రికి తెలిసిన 20 మందిలో 12 మందిని, అంటే అయిదుగురిలో ముగ్గురిని ఆశా పట్టుకుంది. కాబట్టి ఆమె 60 కూడా మొత్తంలో అయిదింట మూడు వంతులే అయ్యుండాలి. మొత్తం 100. ఎవరూ చూడనివాళ్ళు ముప్పై ఇద్దరు. మెలిక ఒకటుంది. ఒక జాబితాలో పడ్డవాడికి రెండోదానిలో పడే అవకాశం కూడా ఎక్కువైతే, ఈ వంద కూడా తక్కువ అంచనాయే. అందుకే కొన్ని ఊళ్ళలో, ఓటర్ల జాబితాలోంచి చీటీ తీసినట్టు ఎంచిన అరవై దాటినవాళ్ళను నిజంగా కూర్చోబెట్టి పరీక్షించాలి. చదువుకోనివాళ్ళకు సరిపడే పరీక్షలు మన భాషలో ఉన్నాయి. వైద్య పరిశోధన మండలి సిద్ధం చేసిన పరీక్షల పెట్టె అయిదు భారతీయ భాషల్లో ఉంది, వాటిలో తెలుగు ఒకటి. ఇంటివాళ్ళు ఒప్పుకుంటే వాళ్ళ వైద్య సేవ రికార్డుతో ఆ ఫలితాన్ని కలిపి చూడాలి. మన రికార్డు నూటికి ఎంతమందిని చూస్తోందో, చూసినవాళ్ళను ఏ పేరుతో చూస్తోందో అప్పుడు తెలుస్తుంది. పడిపోవడం, మూత్ర ఇన్‌ఫెక్షన్, పక్షవాతం, ఒంట్లో నీరు తగ్గిపోవడం, ఏ మారుపేర్లతో ఈ జబ్బు ఆసుపత్రి మెట్లెక్కుతోందో ఇక్కడి పట్టిక ఒకటి తయారవుతుంది. ఆ పట్టిక వచ్చాకే క్లెయిముల మీద గీసిన గీతకు అర్థం. 2024 అక్టోబరు నుంచి కేంద్ర ఆరోగ్య బీమా పథకం డెబ్బై దాటిన అందరికీ, ఆదాయంతో పని లేకుండా తలుపు తెరిచింది కనుక, ఆ గీతలోకి వచ్చే జనం కూడా మారబోతున్నారు. ఈ పని ఇప్పుడే మొదలు పెట్టాలనడానికి నాకున్న ముఖ్య కారణం అదే.

ఎందుకింత శ్రమ, నయం కాని జబ్బును లెక్కపెట్టి ఏం చేసుకుంటాం అని ఒకాయన పొద్దున్నే అడిగారు. ఇంగ్లండులో ఒకే ప్రాంతాల్లో ఇరవై ఏళ్ళ ఎడంతో ఒకే పద్ధతిలో కొలిచారు. పాత లెక్క ప్రకారం అరవై అయిదు దాటినవాళ్ళలో నూటికి 8.3 ఉండాల్సింది, 6.5 ఉంది. బీపీ అదుపు, చదువు, పొగతాగడం తగ్గడం కారణాలు కావచ్చంటారు. మన దగ్గర బీపీ మాత్రలు ఇళ్ళకు చేరుతున్నాయి కదా. దానివల్ల ఇరవై ఏళ్ళకు ఏమైనా తగ్గిందా అని మన మనవలు అడిగితే చెప్పడానికి ఇవాళ్టి అంకె ఒకటి ఉండాలి.

ఆఖరున, నాకు నిద్ర పట్టనివ్వని విషయం. ఆశా చేతిలో పేర్ల జాబితా తయారైన రోజు నుంచి దానికి గిరాకీ ఉంటుంది. ఫలానా ఆయనకు మతి లేదన్న కాగితం దొరికితే ఆయన రాసిన వీలునామా మీద, చేసిన రిజిస్ట్రేషన్ మీద కోర్టుకెక్కడానికి ఎదురుచూసే తమ్ముడో కొడుకో ఏ ఊళ్ళో లేడు? పాసుపుస్తకం ఉన్న ముసలివాడి మీద ఇలాంటి ముద్ర ఊరికే పోదు. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం వచ్చింది కాని, మన ఊళ్ళో రహస్యం అనేది చట్టంతో నిలబడే సరుకు కాదు. నన్నడిగితే, పేర్లున్న కాగితం ఆరోగ్య కేంద్రం బీరువా దాటకూడదు. పరిశోధకుడికి వెళ్ళేది పేర్లు తీసేసిన అంకెలే. సచివాలయం కంప్యూటరులో, పింఛను జాబితా పక్కన, ఈ గడి అసలు ఉండకూడదు. ఫారంలో "అవును" అని టిక్కు పడ్డ ఇంటికి నెల లోపల ఒక డాక్టరు గాని నర్సు గాని వెళ్ళి కూర్చునే ఏర్పాటు ముందు జరగాలి. అది చెయ్యలేమంటే ఆశాను ఆ ప్రశ్న అడగవద్దనే చెబుతాను.